కోడి దవడ నుంచి మేక చెవి దాకా: ఒక ఎముకల పెట్టె డైరీ

ఎవరైనా ఇదే పని చేసుకోవాలంటే చేసుకోడానికి, నేను పాడు చేసినవి మళ్ళీ పాడు చెయ్యకుండా ఉండడానికి రాస్తున్నా. మాది అమలాపురం పక్క ఊరు, ఇంట్లోనే ఇంటర్ బైపీసీ పిల్లలకి ట్యూషన్ చెప్తాను. చెవిలో మూడు ఎముకల పేర్లు కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అని పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు, అందులో రెండు ఒకప్పుడు దవడ ఎముకలు అంటే మాత్రం నమ్మరు. అది నమ్మించడానికే ఈ పెట్టె.

విషయం క్లుప్తంగా. బల్లి, మొసలి, కోడి లాంటి వాటిల్లో కింది దవడ చాలా ఎముకల అతుకు. దవడ కీలు కింద ఆర్టిక్యులర్, పైన క్వాడ్రేట్ అనే రెండు ఎముకల మధ్య ఉంటుంది, చెవిలో ఉండేది ఒక్కటే పుల్ల లాంటి ఎముక. క్షీరదాల్లో కింది దవడ ఒక్కో పక్క ఒకటే ఎముక, డెంటరీ, అది కణత దగ్గర స్క్వామోసల్ అనే పుర్రె ఎముకకి కీలు పడుతుంది, చెవిలో మూడుంటాయి. ఆర్టిక్యులరే కూటకం అయింది, క్వాడ్రేటే దాగలి అయింది, పాత పుల్ల కర్ణాంతరాస్థి అయింది. పిండాలని కోసి చూసి 1837లోనే రైకర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ సంగతి చెప్పాడు, తర్వాత శిలాజాల్లో మధ్య మెట్టు కూడా దొరికింది, అది నాలుగో దశలో వస్తుంది.

ఇక్కడి నుంచి కూటకాన్ని సుత్తి అని, కర్ణాంతరాస్థిని రికాబు అని రాస్తా, దాగలి దాగలే, మా పిల్లలతో అలాగే అంటాను.

మొదటి దశ: మేక తల (ఏప్రిల్ 13 – మే 15)

మొదటి తల. మటన్ కొట్లో తలకాయ అంటే వెంటనే కాల్చి, కత్తితో రెండు చెక్కలు చేసి ఇచ్చేస్తారు. కాలిస్తే ఎముక పెళుసెక్కుతుంది, చీలిస్తే చెవి ఎముక పక్కనుంచే కత్తి దిగుతుంది. "కాల్చకుండా, కొట్టకుండా ఇవ్వండి" అంటే ఆయన "మరి కూరెలా వండుతారండి మేడంగారూ?" అన్నాడు. కూరకి కాదు, ఎముకలకి అని చెప్పాక శ్రద్ధగా తోలు తీసి ఇచ్చాడు, అప్పట్నుంచి ప్రతిసారీ తీసి పక్కన పెడుతున్నాడు.

తొందరపడి కుక్కర్లో పెట్టేశా, ఆరు విజిల్స్. మాంసం ఊడింది, దాంతోపాటు పళ్ళూ ఊడాయి, ముక్కు ఎముకలు విడిపోయాయి, చెవి దగ్గర ఉబ్బుగా ఉండే బుడగ ఎముక చేత్తో నొక్కితే పిండైపోయింది. ఆరు చిన్న ఎముకలు (పక్కకి మూడు చొప్పున) రావాలి, ఒక్కటీ రాలేదు. ఆ కుక్కర్‌ని అత్తయ్యగారు మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు, ఆవిడ చేసింది కరెక్టే, ఈ పనికి గిన్నెలు విడిగా పెట్టుకోండి.

రెండో తల. ఈసారి ఉడకబెట్టలేదు, పెయింటు డబ్బాలో నీళ్ళు పోసి కుళ్ళబెట్టా. ఎండాకాలం కాబట్టి నీళ్ళు వేడిగా ఉండి బాగానే పని చేసింది, 19 రోజులు పట్టింది. వాసన భరించలేం, డబ్బాని కొబ్బరి తోటలో చివరి చెట్టు దగ్గరికి మార్చి మూత మీద ఇటుక పెట్టా, కుక్కలు వస్తాయి కాబట్టి ఇటుక తప్పదు. మే 4న తీసి చూస్తే పుర్రె బ్రహ్మాండంగా వచ్చింది, పళ్ళన్నీ సాకెట్లలోనే ఉన్నాయి, చెవుల్లోంచి రెండు సుత్తులు, రెండు దాగలులు వచ్చాయి. రికాబులు మాత్రం లేవు. నాలుగు రోజులకోసారి నీళ్ళు మార్చేటప్పుడు డబ్బా నేరుగా వంచేశాను, వాటితో పాటే పోయి ఉంటాయి, కొబ్బరి చెట్టు మొదట్లో మట్టి ఎంత గాలించినా దొరకలేదు.

మూడో తల. ఇక్కడ పద్ధతి మార్చా, కాపీ చేసేవాళ్ళు ఇదే కాపీ చెయ్యండి:

1. పచ్చిగా ఉన్నప్పుడే హాక్సా బ్లేడుతో చెవి చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పు ముక్క కోసి విడిగా తియ్యండి.
2. ఆ ముక్కని పాత నైలాన్ చీర గుడ్డలో మూట కట్టండి, కుడి ఎడమలకి వేరే రంగు దారం.
3. మూటని చిన్న డబ్బాలో నీళ్ళలో వెయ్యండి. నాకు 9 రోజులు పట్టింది.
4. నీళ్ళు మార్చేటప్పుడు టీ వడకట్టే జాలీ మీదుగానే వంచండి, ప్రతిసారీ.
5. మూట తెల్ల పింగాణీ పళ్ళెంలో విప్పండి. ఫ్యాన్ ఆపండి.

ఐదోది ఎందుకు రాశానంటే, ఎడమ చెవిలోంచి మూడూ వచ్చాయి, కుడి చెవిలోంచి కూడా మూడూ వచ్చాయి, కాగితం మీద ఆరబెట్టి కాలిపర్ తేడానికి లోపలికి వెళ్ళి వచ్చేసరికి కుడి రికాబు లేదు. గది అంతా చీపురుతో ఊడ్చి ఆ దుమ్ము జల్లించినా దొరకలేదు. బియ్యపు గింజలో సగం కూడా ఉండదు మరి.

కొలతలు (ఎడమ చెవి, మూడుసార్లు కొలిచి సగటు): సుత్తి 9.2 మి.మీ., దాగలి 4.1, రికాబు 2.7. రికాబు నిజంగానే గుర్రపు జీను రికాబు లాగే ఉంటుంది, రెండు కాళ్ళు, కింద పలక, మధ్యలో కన్నం. ఆ కన్నంలోంచి వెలుతురు కనపడేలా దీపానికి అడ్డం పెట్టి చూశాను, ఆ రోజు ఇంక వేరే పని ఏమీ చెయ్యలేదు.

ఇప్పటిదాకా: తలలు 3, చెవి ఎముకలు 18కి 9 (సుత్తులు 4, దాగలులు 4, రికాబు 1). ఖర్చు: తలలు 1050, బ్లేడు 40, డిజిటల్ కాలిపర్ 700. మొత్తం 1790 రూపాయలు.

రెండో దశ: కోడి తల (మే 18 – 23)

కోడి మనకి తాత కాదు, ఇది పిల్లలకి ముందే చెప్పాలి. పక్షులు సరీసృపాల వైపు కొమ్మ, క్షీరదాల కొమ్మ 30 కోట్ల సంవత్సరాల కన్నా ముందే విడిపోయింది. పాత అమరిక, అంటే క్వాడ్రేట్ దవడ కీలులోనే ఉండడం, కోడిలో అలాగే మిగిలింది, అందుకే కోడి. బల్లిని గానీ ఉడుముని గానీ పట్టకండి, ఉడుముని చంపడం నేరం, అవసరం కూడా లేదు, చికెన్ కొట్లో తలలు ఊరికే ఇస్తారు.

ఎనిమిది తలలు తెచ్చా, ఆరు బ్రాయిలర్‌వి, రెండు నాటు కోడివి. సన్నటి సెగ మీద, నీళ్ళు మరగనివ్వకుండా 40 నిమిషాలు. క్వాడ్రేట్ దానంతటదే ఊడి వచ్చేస్తుంది, నాలుగు మూలల చిన్న ఎముక, చూస్తే విరిగిన ముక్క అనుకుని పారేస్తారు, మొదటి రెండు తలలకి నేను అదే చేశాను. కింది దవడ వెనక చివర గుంట ఉన్న భాగమే ఆర్టిక్యులర్, అది మిగతా దవడకి అతుక్కునే ఉంటుంది, విడదియ్యకుండా రంగు వేస్తే చాలు.

తెలుపు కోసం బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో రాత్రంతా ఉంచడం పెద్ద తప్పు. పొద్దున్నకి ఎముక పైపొర సున్నంలా రాలుతోంది, చెవి పుల్లలు కరిగి దారం ముక్కల్లా అయిపోయాయి, మూడు తలలు పోయాయి. తర్వాత మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చి (6 శాతం ఉంటుంది) సగం నీళ్ళు కలిపి నాలుగు గంటలు ఉంచితే సరిపోయింది. చెవి పుల్లని అసలు తెలుపు చెయ్యకండి, అది ఎలా ఉంటే అలాగే ఆరబెట్టండి.

ఇప్పుడు అసలు కొలత. నాటు కోడి పుర్రె పొడవు ముక్కుతో కలిపి 72 మి.మీ., క్వాడ్రేట్ 13. మేక పుర్రె 205, దాగలి 4.1. అంటే కోడిలో పుర్రె పొడవులో 18 శాతం ఉన్న ఎముక, మేకలో వచ్చేసరికి 2 శాతం. ఒకే ఎముక. కొరికేటప్పుడు దవడ బరువు మొయ్యాల్సినప్పుడు అంత ఉండాలి, ఆ పని డెంటరీ తీసేసుకున్నాక చిన్నదైపోవచ్చు, చిన్నదీ తేలికదీ అయిన కొద్దీ సన్నటి శబ్దాలకి కూడా కదులుతుంది. పలక మీద 72, 13, 205, 4.1 అని నాలుగే నాలుగు అంకెలు రాసి, రెండు ఎముకలూ అరచేతిలో పెట్టి ఇచ్చాను, ఒక అమ్మాయి చాలాసేపు తిరిగి ఇవ్వలేదు.

ఇప్పటిదాకా: కోడి తలలు 8, పనికొచ్చినవి 3, క్వాడ్రేట్లు 6, చెవి పుల్లలు 2. పెరాక్సైడ్ 90. మొత్తం 1880.

మూడో దశ: జల్లెడ పని (మే 24 – జూన్ 22)

మన గోదావరికి ఎగువన, ప్రాణహిత లోయలో కోటా రాళ్ళు అని ఉన్నాయి, సిరొంచ దగ్గర కోటా ఊరి పేరే పెట్టారు. జురాసిక్ కాలం నాటివి. వాటిల్లోంచే 1981లో శిలాజ శాస్త్రవేత్త దత్తా గారు కోటాథీరియం హాల్డేనై అనే తొలికాలపు క్షీరదాన్ని ఒక పన్ను చూసి వర్ణించారు, తర్వాత యాదగిరి గారు ఇండోథీరియం లాంటివి బయటపెట్టారు. దొరికినవి ఎక్కువగా విడి పళ్ళు, మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల సైజు, మట్టిని నీళ్ళతో జల్లించి, మిగిలిన ఇసకని మైక్రోస్కోపు కింద గింజ గింజా ఏరి పట్టుకున్నవి. వికారాబాద్ దగ్గర నస్కల్‌లో డైనోసార్ల చివరి రోజుల నాటి డెక్కనోలెస్టిస్ అనే చిన్న క్షీరదం కూడా ఇలాగే దొరికింది, 1988లో పేరు పెట్టారు. కాబట్టి ఒక్క పన్ను చూసి జంతువుని చెప్పడం ఎంత కష్టమో పిల్లలకి చేతికి తెలియాలి అనుకున్నా.

ముందు కాలువ మట్టి. కాలువలు కట్టేసిన రోజులు, జూన్‌లో నీళ్ళు వదిలేలోపు లొల్ల లాకుల దిగువన పూడిక 40 కిలోలు రెండు సిమెంటు సంచుల్లో ఆటోలో వేసుకొచ్చా. జల్లిస్తే 610 గ్రాములు మిగిలింది, అందులో 200 గ్రాములు నాలుగు సాయంత్రాలు లెన్సు కింద ఏరాం. నత్తగుల్లలు, ఊక, చేప పళ్ళు, ఒక ఎలక కొరుకుడు పన్ను, అది నిన్నమొన్నటిదే. పాతది ఒక్కటీ లేదు. ఆలోచిస్తే ఉండకపోవడమే న్యాయం. అంత దూరం దొర్లితే మిల్లీమీటరు పన్ను అరిగి గుండ్రమైపోతుంది, ఒకవేళ దొరికినా ఏ పొరలోంచి వచ్చిందో తెలియని పన్నుకి వయసు చెప్పలేం. శిలాజం విలువ సగం అది ఉన్న రాతిలోనే ఉంటుంది. ఈ మెట్టు మీరు వదిలెయ్యండి, నాలుగు సాయంత్రాలు మిగులుతాయి.

తర్వాత గుడ్లగూబ ముద్దలు, ఇది మాత్రం తప్పకుండా చెయ్యండి. మూతపడ్డ రైసు మిల్లు అటక మీద గుడ్లగూబలు ఉంటాయి, ఎలకని, చుంచుని (ఇంగ్లీషులో ష్రూ, ఎలకలా కనపడుతుంది గానీ ఎలక జాతి కాదు) మింగి, అరగని బొచ్చు ఎముకలు ఉండలా కక్కేస్తాయి. కింద నేల మీద ఎండినవి 23 ఏరుకొచ్చా. మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. ఎలకల బుట్టలు పెట్టేవాళ్ళు పచ్చి ఎలకలు ఎన్ని కావాలంటే అన్ని ఇస్తామన్నారు గానీ ఎలక జ్వరం ఉన్న ప్రాంతం, వాటి జోలికి పోలేదు.

1. ముద్దలు రెండు రోజులు ఎండలో పెట్టండి.
2. గోరువెచ్చటి నీళ్ళలో గంట నానబెట్టండి.
3. పైన 2 మి.మీ., కింద అర మి.మీ. జాలీ పెట్టి నీళ్ళు పొయ్యండి.
4. కింది జాలీలో మిగిలింది నల్ల గుడ్డ మీద ఆరబెట్టి, తడిపిన బ్రష్ మొనతో ఏరండి.

మొదటి ఆరు ముద్దలకి పిండి జల్లెడ వాడాను, ఎలక దవడలు దొరికాయి, చుంచు పళ్ళు ఒక్కటీ లేవు. ఆ ముద్దల్లో చుంచులు లేవేమో అనుకున్నా. అర మి.మీ. స్టీలు జాలీ కొని వడ్రంగి చేత చట్రం కొట్టించాక ఏడో ముద్ద నుంచే రావడం మొదలెట్టాయి. అంటే జల్లెడ కన్నం ఎంత ఉందో దాన్ని బట్టే "ఏమున్నాయి" అన్నది మారిపోతోంది, కాబట్టి లెక్క రాసేటప్పుడు పక్కన జాలీ సైజు కూడా రాయాలి.

17 ముద్దల లెక్క: పందికొక్కు, ఎలక కింది దవడలు 31, చుంచువి 9, విడి పళ్ళు 140 పైన.

ఎలకకి మొత్తం 16 పళ్ళే, చుంచుకి 30. ఎలక దంతం అడ్డం గట్లతో తిరగలి రాయిలా ఉంటుంది, చుంచు పై దంతం లెన్సు కింద పెడితే ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరంలా పదునైన అంచులు, పైదీ కిందదీ కత్తెర లాగ ఒకదాని పక్కనుంచి ఒకటి జారతాయి. పైపన్ను కిందిపన్నుకి ఇంత సరిగ్గా కుదరడం క్షీరదాల సొత్తు, అందుకే మొదటి క్షీరదాలకి పళ్ళు జన్మంతా మారుతూ ఉండకుండా పాలపళ్ళు ఒకసారి, గట్టి పళ్ళు ఒకసారి, అంతే. 40 విడి పళ్ళు కలిపేసి పిల్లలకి ఇస్తే ఏది ఎవరిదో 37 కరెక్టుగా చెప్పారు.

ఇప్పటిదాకా ఖర్చు: జాలీ 240, చట్రం 150, ఆటో 200. మొత్తం 2470.

మధ్యలో: నేను తప్పు పేర్లు పెట్టిన మూడు చోట్లు

ఒకటి. చుంచు పుర్రెలో చెంప ఎముక కమాను లేదు. ఏరేటప్పుడు విరగ్గొట్టాననుకుని అదే పళ్ళెంలో సగం రోజు వెతికా. ఇంకో పుర్రెలోనూ లేదు, మూడో దాన్లోనూ లేదు. చుంచులకి అసలు ఆ కమాను ఉండదు.

రెండు. చుంచు కింది దవడ కీలు కొన దగ్గర రెండు నునుపు తలాలు కనిపించాయి, లెన్సులో చూడగానే ఇదే రెండు కీళ్ళ దవడ, పాతది కొత్తది రెండూ ఉన్న దవడ అని లేబుల్ కూడా రాసేశా. కాదు. ఆ రెండు తలాలూ డెంటరీ మీదే ఉన్నాయి. పాత కీలు అంటే ఆర్టిక్యులర్, క్వాడ్రేట్ మధ్య ఉండాలి, చుంచులో అవి ఎప్పుడో చెవిలోకి వెళ్ళిపోయాయి. లేబుల్ చింపేశా.

మూడు. ఆదివారం శీలావతి చేప తల కూరకి తెచ్చినప్పుడు, మెడ మొదట్లో గాలి తిత్తి పక్కన వరసగా చిన్న ఎముకలు కనపడ్డాయి, అవి శబ్దాన్ని తిత్తి నుంచి చెవికి మోస్తాయి. చేపలోనే సుత్తి దాగలి ఉన్నాయే అని పొంగిపోయాను. 1820లో వీటిని వర్ణించిన వెబర్ కూడా అలాగే అనుకుని ఆ పేర్లే పెట్టాడు. కానీ ఇవి వెన్నుపూసల నుంచి వచ్చినవి, దవడ నుంచి కాదు. పని ఒకటే, పుట్టిన చోటు వేరు.

మూడిట్లోనూ ఆకారం చూసి పేరు పెట్టాను, దేనికి ఆనుకుని ఉందో చూడలేదు. ఇప్పుడు ప్రతి ఎముక లేబుల్ మీద మొదటి లైను "ముందు ఏది, వెనక ఏది, దేనితో కీలు" అని రాస్తున్నా, పేరు ఆఖరి లైను.

నాలుగో దశ: మధ్య మెట్టు నమూనా (జూన్ 28 – ఆగస్టు 3)

కోడికీ మేకకీ మధ్య ఖాళీ పూడ్చేది మోర్గాన్యుకోడాన్, సుమారు 20 కోట్ల ఏళ్ళ కిందటిది, చుంచంత జంతువు. వేల్స్‌లో సున్నపురాతి పగుళ్ళలో దొరికింది, 1949లో క్యూనే పేరు పెట్టాడు. దాని దవడకి రెండు కీళ్ళూ పక్కపక్కనే ఉన్నాయి, డెంటరీ అప్పటికే స్క్వామోసల్‌ని తాకింది, ఆర్టిక్యులర్ క్వాడ్రేట్ కూడా ఇంకా అక్కడే ఉన్నాయి. కింది దవడ రెండు సెంటీమీటర్ల పైన ఉంటుంది కాబట్టి పదింతలు పెంచి 22 సెంటీమీటర్ల నమూనా.

మొదటిది కాలువ ఒండ్రు మట్టితో చేశా, ఆరేసరికి మూడు చోట్ల పగిలింది. రెండోదానిలో ఊక బూడిద కలిపితే పగుళ్ళు తగ్గాయి గానీ సన్నటి కొనలు నిలబడలేదు. మూడోది ఇనప తీగ మీద ఎంసీల్, అది నిలబడింది.

అయినా తప్పు చేశాను. వెనక ఉండే చిన్న ఎముకల్ని దవడకి బయటి వైపు అంటించాను, చూడ్డానికి బాగా కనపడతాయని. నిజానికి అవి డెంటరీ లోపలి వైపు ఒక గాడిలో కూర్చుంటాయి, ఆ గాడి ఉండడమే శిలాజంలో అసలు సాక్ష్యం, చిన్న ఎముకలు రాలిపోయినా గాడి మిగులుతుంది. చైనాలో దొరికిన హాడ్రోకోడియం, 2001లో వర్ణించారు, పుర్రె 12 మి.మీ.లే, దానికి ఆ గాడి లేదు, అంటే చెవి ఎముకలు దవడని వదిలేశాయన్నమాట. గాడి తప్పు పక్క పెట్టిన నమూనాతో ఈ ముక్క చెప్పలేం. అందుకే పీకేసి, బ్లేడుతో లోపలి వైపు గాడి చెక్కి, మళ్ళీ అతికించా, రెండు రోజుల పని.

రంగులు అన్నిటికీ ఒకటే: ఆర్టిక్యులర్, సుత్తి ఎరుపు. క్వాడ్రేట్, దాగలి నీలం. పాత పుల్ల, రికాబు పసుపు. డెంటరీకి రంగు లేదు. కోడి, నమూనా, మేక వరసగా పెడితే ఎరుపూ నీలమూ దవడ వెనక నుంచి జరుగుతూ చెవిలోకి పోవడం దూరం నుంచే కనపడుతుంది.

జూలైలో ముసురు పట్టిన పది రోజుల్లో మేక పుర్రె మీద పచ్చటి బూజు వచ్చింది. కొవ్వు పోకపోవడం వల్ల. సర్ఫు నీళ్ళలో పది రోజులు నానబెట్టి, ఎండ వచ్చాక ఆరబెట్టి, నీళ్ళు కలిపిన ఫెవికాల్ పల్చగా పూసి, పెట్టెలో సిలికా జెల్ ప్యాకెట్లు పెట్టా. ఇది మొదట్లోనే చేస్తే రంగు మళ్ళీ వెయ్యాల్సిన పని ఉండేది కాదు.

ఖర్చు: ఎంసీల్ 160, రంగులు 220, అద్దం పెట్టె 600. మొత్తం 3450.

ఇప్పుడు ఎక్కడుంది (ఆగస్టు 10)

పెట్టెలో ఉన్నవి: కోడి పుర్రెలు 2, క్వాడ్రేట్లు విడిగా 4, మోర్గాన్యుకోడాన్ దవడ నమూనా 1, మేక పుర్రె 1, మేక చెవి ఎముకలు పూర్తి సెట్టు 1, చుంచు దవడలు 4, పందికొక్కు దవడలు 4. రికాబు ఒక్కటే ఉంది కాబట్టి దాన్ని పిల్లల చేతికి ఇవ్వలేకపోతున్నా, గాజు గొట్టంలో పెట్టి చూపిస్తున్నా, కన్నం సరిగ్గా కనపడట్లేదని వెనక కూర్చున్నవాళ్ళు అంటున్నారు.

నిన్న సాయంత్రం నాలుగో తల తెచ్చాను, 350, మొత్తం 3800. చెవి ముక్కలు రెండూ కోసి, కుడిది ఎర్ర దారం, ఎడమది తెల్ల దారం కట్టి డబ్బాలో వేశా. వానాకాలం, నీళ్ళు చల్లగా ఉన్నాయి, ఈసారి ఎన్ని రోజులు పడుతుందో రోజూ డబ్బా నీళ్ళ వేడి కొలిచి రాస్తున్నా. మొదటి రోజు 27 డిగ్రీలు.